గట్టు మీద లేని మనిషి

పొద్దున్నే మగ్గానికి కావలసిన పట్టు దారం కండెలన్నీ చుట్టేసి, హనుమమ్మ పాత క్యాలెండర్ వెనకవైపు బొమ్మ వేస్తూ కూర్చుంది. పట్టుకు అద్దగా మిగిలిన రంగులే ఆమె రంగులు. తెల్లవారుతున్న పెన్నేరు, ఒడ్డున కానుగ చెట్లు, నీళ్లలో వాటి నీడలు. లేత వెలుగు కోసం పసుపు నీళ్లు పలచగా పూసింది.

హిందూపురం దగ్గర ఆ ఏటి ఒడ్డునే ఆమె పుట్టిల్లు. తల్లి కుళ్ళాయమ్మ మంచాన పడిందని ఉత్తరం వచ్చి నెల దాటింది. ధర్మవరంలో ఈ అత్తింటి కట్టుబాటేమో, మగ్గం మీంచి చీర దిగేదాకా కండెలు చుట్టే మనిషి ఊరు దాటకూడదు. ఒక చీర దిగింది. పెళ్లివాళ్లు తొందరపెడుతున్నారని మామ ఈశ్వరప్ప వెంటనే ఇంకొకటి మొదలుపెట్టాడు. మొగుడు రంగప్ప తండ్రికి ఎదురుచెప్పే రకం కాదు.

ఆమె నీళ్లకు వెళ్లి వచ్చేసరికి ఈశ్వరప్ప బొమ్మ ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో తడిగుడ్డ.

"నీళ్లల్లో ఆడమనిషి నీడ ఏసినావు, గట్టు మీద మనిషే లేదు కదమ్మా. తప్పు పడిందని తుడిచేసినా," అన్నాడు.

నలభై ఏళ్లుగా చీరకు రెండంచులూ సరిచూసిన కన్ను అది. తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మేలు చేశాననే అనుకున్నాడు పాపం.

హనుమమ్మ బిందె కింద పెట్టింది. పెళ్లయిన మూడేళ్లలో మామ ముందు ఆమె గొంతెత్తింది లేదు.

"అది మాయమ్మ నీడ మామా. గట్టు మీద ఉండాదో లేదో నాకెట్ల తెలుస్తాది? నన్ను పంపకపోతిరి. అందుకే ఆడ ఖాళీగా ఇడిచినా. ఉండే నీడ కూడా తుడిచేస్తిరి."

ఈశ్వరప్ప చేతిలోని గుడ్డ చూసుకున్నాడు. మగ్గం గుంటలోకి దిగాడు. నాలుగు పోగులు నేశాడో లేదో, మళ్లీ పైకొచ్చి చెప్పులు వెతుక్కున్నాడు.

"మూట కట్టుకోమ్మా. మధ్యాన్నం రైలుకు పోదాం."

చీర సగంలో ఉందని ఆమె గుర్తుచేసింది. ఉండనీ, పెళ్లివాళ్లకు తాను చెప్పుకుంటానన్నాడు. బొమ్మను చుట్టి, రంగుల చిప్పలు కూడా ఆమె మూటలో తానే పెట్టాడు.

రైలు పెనుకొండ దాటింది. పెళ్లిలో చూసిన వియ్యపురాలి రూపం ఈశ్వరప్పకు ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు. సిగ్గేసింది. మీ అమ్మ పొడుగు మనిషా అని కోడలిని అడిగాడు.

"నా అంతే మామా," అని హనుమమ్మ రైలు పెట్టెలో అందరి ముందూ ఏడ్చేసింది.

"అట్లయితే బొమ్మలో గట్టు మీద ఆయమ్మకు జాగా సరిపోతాదిలే," అన్నాడు ఈశ్వరప్ప.