సారె బండిలో ఒక సీటు

తెల్లవారేసరికే లోవరాజు వాకిట్లో కారు వెనక తలుపెత్తి, లోపలి చోటు చూసుకుని మురిసిపోతున్నాడు. మలికిపురంలో కొబ్బరి వ్యాపారం అతనిది. ఆ ఆరు సీట్ల పాత కారు కిందటేడు కొన్నాడు. నిన్న మెకానిక్ గంగబాబుని ఇంటికే పిలిపించి చివరి వరసలో రెండు సీట్లూ, మధ్యవరసలో ఉన్న రెండు విడి సీట్లలో ఒకటీ ఊడదీయించాడు. ఇప్పుడు లోపల చిన్న గదంత చోటు వచ్చింది. ఊడదీసిన సీట్లు మూడూ అరుగు మీద చుట్టాల్లా వరసగా ఉన్నాయి.

ఇంత హడావిడీ సారె కోసం. కూతురు కీర్తి పురిటికి వచ్చి, ఆడపిల్లని కన్నది. పిల్లకి ఇప్పుడు ఐదో నెల. అల్లుడు హేమంత్ మస్కట్ నుంచి సెలవు మీద నిన్ననే తమ ఊరు రాయవరం వచ్చాడు. బిడ్డ మొహం ఫోన్లో చూడడమే తప్ప ఇంకా ఎత్తుకోలేదు. ఇవాళ వర్జ్యం రాకముందే కూతుర్నీ మనవరాలినీ అత్తవారింటికి బయల్దేరదీయాలి. ఎదురు రమ్మని పక్కింటి ముత్తైదువ బుచ్చమ్మకి సత్యవేణి ముందుగానే చెప్పి ఉంచింది.

“ఏవండీ, ఉయ్యాల పట్టిందా?” అంటూ వచ్చింది సత్యవేణి.

“ఉయ్యాలేం ఖర్మ, అందులో నువ్వు పడుకున్నా పడుతుంది.”

“చాల్లెండి సరసం. సున్నుండల మీద అరటిగెల పెట్టేరు గనక, మళ్ళీ పిండైపోతాయి.”

లోవరాజు అక్క అచ్చాయమ్మ జంతికల బుట్ట నడుముకి ఆనించుకుని మెట్లు దిగింది. భర్త పోయాక ఆవిడ తమ్ముడి దగ్గరే ఉంటోంది. సారెలో సున్నుండలూ, మడతకాజాలూ, కొబ్బరుండలూ, జంతికలూ అన్నీ ఆవిడ చేతివే. పొయ్యి దగ్గర కూర్చుని కూర్చుని ఆవిడ మొహం ఇంకా ఎర్రగానే ఉంది.

“తమ్ముడూ, దీనిమీద ఏం పెట్టకురా. పెళుసు.”

“ఆయ్, అలాగే అక్కా.”

బుట్టలన్నీ సర్దేసరికి కీర్తి బిడ్డనెత్తుకుని బయటికి వచ్చింది. కార్లోకి తొంగి చూసింది. ముందు రెండు సీట్లు, మధ్యలో ఒక్కటి.

“నాన్నా, అత్తయ్య ఎక్కడ కూర్చుంటుంది?”

లోవరాజు అప్పటికే కట్టిన తాడుని మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. “అత్తయ్యని రేపు నేనే బస్సెక్కిస్తానమ్మా.”

“కాజాలు కార్లోనా, చేసినావిడ బస్సులోనా?”

“నాకెందుకే కార్లూ గీర్లూ?” అంది అచ్చాయమ్మ గబగబా. “కడుపులో తిప్పుతుంది. ఇంట్లో దీపం పెట్టడానికి ఒక మనిషుండాలా వద్దా?”

“నిరుడు అంతర్వేది వెళ్ళినప్పుడు తిప్పలేదే! దారంతా చేగోడీలు తింటూనే ఉన్నావు.”

నవ్వబోయిన సత్యవేణి ఆగిపోయింది. కీర్తి తిన్నగా అరుగు మీదికి వెళ్ళి, ఊడదీసిన సీట్లలో ఒకదాని మీద బిడ్డతో సహా కూర్చుంది.

“పిల్లని ఆయన చేతిలో పెట్టేది అత్తయ్యేనని ఆయనకి చెప్పేశాను. దీనికి రోజూ నలుగు పెట్టి నీళ్ళు పోసింది ఎవరు? అంతకుముందు నాకు పోసింది ఎవరు? అత్తయ్య రాకపోతే నేనూ రాను.”

“పిచ్చి మాటలు మాట్లాడకు,” అని సత్యవేణి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. “మీ అత్తగారి సంగతి నీకు తెలీదూ? తొలిసారి బిడ్డ వస్తోందని వీధిలోవాళ్ళంతా చూస్తూంటారు. సారె బండిలోంచి పసుపుకుంకాలు లేని మనిషి దిగిందని ఎవరైనా ఒక్క మాటంటే? మీ అత్తయ్యని అంటే నేను పడగలనా?”

గొంతు తగ్గించిందే కానీ మాట తగ్గలేదు. “పొయ్యిమీద పాలున్నాయి,” అంటూ అచ్చాయమ్మ లోపలికి వెళ్ళిపోయింది. పాలు కాచి చాలాసేపయిందని అందరికీ తెలుసు.

కీర్తి కళ్ళనిండా నీళ్ళతో తండ్రిని చూసింది. “నాన్నా, నిజం చెప్పండి. చోటు లేక అత్తయ్యని వదిలేస్తున్నారా, వదిలెయ్యాలనే చోటు లేకుండా చేసేరా?”

“అదేం మాటే!” అన్నాడు లోవరాజు.

నిన్న గంగబాబు మధ్య సీటు దగ్గర ఆగి, “ఇదొకటి ఉంచెయ్యమంటారా అండీ, ఎవరైనా కూర్చుంటారేమో?” అని అడిగాడు. అప్పుడు అక్క అరుగు మీదే కొబ్బరి కోరుతోంది. అటు చూడకుండానే, “తీసెయ్,” అన్నాడు తను. అన్నాక ఎందుకో గుండె తేలికపడింది. నువ్వు రావద్దని అక్కతో చెప్పలేని మాట ఇక కారే చెబుతుందనుకున్నాడు.

పెద్దలు పెట్టిన ఆచారాన్ని కాదనేవాడు కాదు లోవరాజు. ఏకాదశి తప్పనివాడు. అయినా ఇవాళ మనసు ఊరుకోలేదు. ఈ ఇంట్లో దేవుడి దగ్గర రోజూ దీపం పెట్టేది అక్కే. ఆ దీపానికి లేని పట్టింపు దారికి ఎందుకొచ్చింది? స్వామి ఎన్నడైనా ఆ చెయ్యి వద్దన్నాడా?

పానా తెచ్చి, మధ్య సీటుని కారు దగ్గరికి ఈడ్చాడు.

“బోల్టులేవే?”

“నన్నడుగుతారేమిటి? మీరే కదండీ అరుగు మీద పారేసేరు!”

అరుగంతా వెతికారు. సీట్ల కింద వెతికారు. ఆ సీటువి నాలుగూ ఎక్కడా లేవు. అంతలో అచ్చాయమ్మ గుమ్మంలోకి వచ్చింది. కొంగున ఉన్న ముడి విప్పింది. శుభ్రంగా తుడిచిన నాలుగు బోల్టులు ఆవిడ అరచేతిలో ఉన్నాయి.

“పిల్లనెత్తుకుని తిరిగేటప్పుడు ఎవరైనా తొక్కుతారని నిన్న ఏరేను. డబ్బాలో వేద్దామనుకుని మర్చిపోయేను.”

లోవరాజు అప్పుడు చూశాడు. ఆవిడ కట్టుకున్నది కొత్త నేతచీర. పండక్కి పెట్టినా కట్టకుండా దాచుకున్నది. నిన్నటి చీర కొంగున వేసిన ముడి ఈ చీర కొంగుకి ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు.

“అక్కా, నేనే...”

“ఊరుకోరా. నీ మనసు నాకు తెలీదా ఏమిటి?”

ఆ మాటతో అతను తల పూర్తిగా వంచేశాడు. బోల్టులు అందుకుంటూ ఆవిడ చెయ్యి కళ్ళకి అద్దుకున్నాడు.

సత్యవేణి కార్లోంచి జంతికల బుట్టలు రెండు దింపింది. “ఇవి మన వీధిలో పంచుదాం. సారె తగ్గిందేమని మా వియ్యపురాలు అడిగితే, చేసిన మనిషినే తెచ్చేనంటాను.” అని ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. “వదినగారూ, నేనన్నది మనసులో పెట్టుకోకండేం.”

“పెట్టుకోడానికి ఇప్పుడు చోటెక్కడుందమ్మాయ్, బుట్టలన్నీ నువ్వే సర్దేవుగా!” అంది అచ్చాయమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

సీటు బిగిసింది. వర్జ్యం ఇంకా రాలేదు. చెంబుతో నీళ్ళు పట్టుకుని బుచ్చమ్మ గేటు దగ్గర సిద్ధంగా ఉంది.

“బుచ్చమ్మగారూ, ఒక్క నిమిషం అండీ,” అన్నాడు లోవరాజు. “అక్కా, నువ్వు ఎదురు రా.”

“ఒద్దురా! పసిపిల్లతో వెళ్తూ... ఏదైనా అయితే?”

“రోజూ మా అందరికీ దీపం పెట్టే చెయ్యి నీది. దానికంటే మంచి శకునం నాకెక్కడ దొరుకుతుందే?”

బుచ్చమ్మ లోవరాజు వంక చూసింది, సత్యవేణి వంక చూసింది. సత్యవేణి తలూపింది. “ఇదిగోండి వదినా,” అంటూ బుచ్చమ్మ తన చెంబుని ఆవిడ చేతిలో పెట్టింది.

గేటు దగ్గర్నుంచి కారు దాకా నాలుగడుగులే. ఆ నాలుగడుగులూ చెంబులో నీళ్ళు తొణుకుతూనే ఉన్నాయి. సత్యవేణి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎదురొచ్చిన అచ్చాయమ్మ చెంబు బుచ్చమ్మకిచ్చి, అటునుంచి అటే కారెక్కింది. కీర్తి బిడ్డని ఆవిడ ఒళ్ళో పెట్టింది.

కారు కాలవగట్టు ఎక్కింది. వెనకనుంచి అచ్చాయమ్మ నెమ్మదిగా అడిగింది.

“అమ్మాయ్ సత్యవేణీ, ఆ చేగోడీల పొట్లం ఎక్కడ పెట్టేవు?”