పైనున్నవాళ్లు పలకాలి

ఐదో ద్రాక్షతోట కూడా అయిపోయింది. జుంబేర్ గ్లాసును వెలుగుకు పట్టి చూశాడు, వాసన చూశాడు, ఒక గుక్క పుక్కిలించి నేలమీద ఉమ్మేశాడు. పెళ్లికి పోసే వైన్ ఇదేనా అని తోట యజమాని మొహం మీదే అనేసి వెళ్లి వ్యానెక్కాడు. ఆ యజమానికి సర్దిచెప్పే పని ఎప్పట్లాగే కూతురు ఎలిసో మీద పడింది.

పెళ్లి ఎల్లుండి. పెళ్లికూతురన్నాక ఈపాటికి ఇంట్లో గౌను సరిచూసుకుంటూ ఉండాలి. ఎలిసో మాత్రం పొద్దుట్నుంచి కఖేతి సీమ మట్టిరోడ్లమీద దుమ్ము తింటోంది. తండ్రి మీద కోపం గొంతుదాకా వచ్చి ఆగి ఉంది.

ఆమె పుట్టిన ఏడాది జుంబేర్ కూడా అందరు తండ్రుల్లాగే పెరట్లో పెద్ద మట్టి కాగును మెడదాకా పాతిపెట్టాడు. వైన్ నింపి, బండ మూత పెట్టి, చుట్టూ బంకమన్ను మెత్తాడు. ఆమె పెళ్లికి తీయాల్సిన వైన్ అది. పోయిన వారం తెరిస్తే కాగు నెర్రె విచ్చి ఉంది. ఇరవయ్యేడేళ్ల వైన్‌ను నేల తాగేసింది. ఆ అవమానం దిగమింగుకోలేక, వేరే ఏ ఆడపిల్ల పెళ్లి కోసమో పాతిన కాగులోదే పోస్తానని, దొరక్కపోతే వచ్చే ఏడాది ద్రాక్షకోతలకు పెళ్లి వాయిదా అని చుట్టాలందరి ముందూ ఒట్టేశాడు. ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడిన పెళ్లి. మూడోసారంటే సంబంధం వదులుకోవాల్సిందేనని పెళ్లికొడుకు ఇరాక్లి వాళ్లమ్మ ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఆరో తోట గేటు దగ్గర ఎలిసో తండ్రి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇదే ఆఖరిది నాన్నా. నచ్చకపోయినా నచ్చిందని చెప్పు."

"నా నాలుకతో అబద్ధం చెప్పించకు తల్లీ," అన్నాడు జుంబేర్.

ఆ తోట సెవెరియన్ అనే ముసలాయనది. చెవులు బొత్తిగా వినపడవు, పెదాలు చూసి మాట అర్థం చేసుకుంటాడు. ఆయన వాళ్లను కాగుల కొట్టంలోకి తీసుకెళ్లాడు. బయట ఎండ కాస్తున్నా లోపల చలిగా, మసకగా ఉంది. తడిమన్ను వాసన, పులిసిన ద్రాక్షతొక్కు వాసన. నేలలో ఆరు గుండ్రటి మూతులు. ముసలాయన చిన్న కాగులోంచి గరిటెడు తీసి ఇచ్చాడు.

జుంబేర్ తాగాడు. ఉమ్మలేదు. కళ్లు చెమర్చాయి. ఇదే అన్నాడు, డబ్బాలు తెస్తానని వ్యాను దగ్గరికి పరుగెత్తాడు. ఎలిసోకు ప్రాణం లేచొచ్చింది.

కానీ చిన్న కాగులో ఉన్నది రెండు కూజాలే. అదే ఏటి వైన్ మిగతాదంతా మూలనున్న పెద్ద కాగులో ఉంది. దాని మీది బంకమన్ను ఎండి రాయిలా ఉంది. సెవెరియన్ దానివైపు చూస్తూ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

కాగు కడగాలంటే సన్నగా ఉన్నవాళ్లు లోపలికి దిగాలి. పక్క కాగుల్లో పులిసే రసంలోంచి వచ్చే విషగాలి లోపలికి జారి, తెలియకుండానే ఊపిరి తీసేస్తుంది. అందుకే దిగినవాళ్లు పాడుతూ ఉండాలి. పైనున్నవాళ్లు చరణానికి చరణం బదులు పలకాలి. పాట ఆగిందంటే లాగెయ్యాలి. ఇదంతా ఎలిసోకు చిన్నప్పట్నుంచీ తెలిసిందే. ముసలాయన కూతురు ఎతెర్ తన పెళ్లి వైన్ కోసం ఈ కాగులోకే దిగిందట. గేటు దగ్గర ఎవరో పిలిస్తే ఆయన వెళ్లి, రెండు మాటలు మాట్లాడి వచ్చేసరికి పాట లేదు.

"ఆ ఏటి వైన్ అందులోనే నింపి మూసేశా. ఆ రాత్రి నుంచే లోపల పాట మొదలైంది. పైన కూర్చుని నేను పలికేవాణ్ణి." ఆయన గొంతు తగ్గింది. "చెవులు పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు పాడుతోందో లేదో తెలీదు. నువ్వు విని చెప్పమ్మాయ్. పాట ఆగిపోయి ఉంటే కాగు మొత్తం నీ పెళ్లికే."

ఎలిసో మోకాళ్లమీద కూర్చుని బండకు చెవి ఆనించింది.

ఏమీ లేదు.

తర్వాత... సన్నగా... గోడ అవతల ఎవరో బిడ్డను జోకొడుతున్నట్టు...

ఒక చరణం. ఆగింది. మళ్లీ అదే చరణం. ఆగింది. బదులు కోసం చూస్తున్నట్టు.

కాగులు కడిగేటప్పుడు నాయనమ్మ పాడే పాట. రెండో చరణం ఎలిసో నాలుక చివరదాకా వచ్చింది. పెదాలు బిగించి ఆపేసింది.

బయట డబ్బాల చప్పుడు. తండ్రి ఈల వేస్తున్నాడు. ఇదీ కాదంటే ఏడో తోట, మూడో వాయిదా, అత్తగారి ఫోను అన్నీ ఒక్కసారిగా కళ్లముందు మెదిలాయి. విసుగు ముందు భయం నిలవలేదు. ఆమె లేచి మోకాళ్లు దులుపుకుంది.

"ఏమీ వినపడట్లేదు తాతా."

"నిజంగా?"

"నిజంగా."

ముసలాయన మొహం కప్పుకుని ఏడ్చాడు. తర్వాత పార తీసుకుని బంకమన్ను పగలగొట్టాడు. బండ జరిగింది. పాట ఆగిపోయింది.

పన్నెండు డబ్బాలు నిండాయి.

పెళ్లిరోజు మధ్యాహ్నం పొడవాటి బల్లల చుట్టూ రెండు వందలమంది కూర్చున్నారు. విందు నడిపే పెద్దమనిషి లేచి వధూవరుల పేరున మొదటి గ్లాసు ఎత్తాడు. అందరూ ఒక్క గుక్కలో తాగేశారు. ఎలిసో గ్లాసు పెదాలదాకా తెచ్చి, తడిమన్ను వాసన తగిలి కింద పెట్టేసింది.

మగవాళ్లు పెళ్లిపాట అందుకున్నారు. సగంలోనే అది వేరే పాటయింది. ఆ పాటే. రాగం పట్టడం చేతకాని జుంబేర్ కూడా పాడుతున్నాడు. రెండు వందలమందీ... ఒకే గొంతుతో... సన్నగా...

ఒక చరణం. ఆగారు.

గ్లాసులు చేతుల్లోనే ఉన్నాయి. తలలన్నీ ఒక పక్కకు వంగి ఆమెవైపే తిరిగి ఉన్నాయి. ఇరాక్లి పెదవిమీద కందిరీగ పాకుతోంది. అతను తోలలేదు. అతని ఛాతీ కదలడం లేదు.

ఎవరి ఛాతీ కూడా కదలడం లేదు.

పది లెక్కపెట్టింది... ఇరవై... తండ్రి పెదాలు నీలంగా మారుతున్నాయి.

ఎలిసో రెండో చరణం పాడింది.

రెండు వందల ఊపిర్లు ఒక్కసారిగా వచ్చాయి. గ్లాసులు గలగలలాడాయి. ఇరాక్లి కందిరీగను తోలేశాడు. జుంబేర్ కళ్లు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు.

"మా అమ్మ పాట తల్లీ ఇది. నువ్వు మర్చిపోలేదు." ఆయన వెనక్కి తిరిగి, ఇంకో చుట్టు పోయమన్నాడు.

బల్ల ఆ చివర ఎవరో మళ్లీ మొదటి చరణం ఎత్తుకున్నారు. పన్నెండు డబ్బాల్లో ఇంకా మొదటిదే సగం అయింది.