లైన్‌బ్యాకర్ మీద పెట్టిన బొత్తాం

"మొదటి రౌండ్‌లో లైన్‌బ్యాకరా? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే."

లెనోర్ హాస్కిన్ నోటి నుంచి నేను విన్న మొదటి మాట అది. ఆ మాట కూడా నాతో అనలేదు, గోడమీది బోర్డుతో అంది. ఫిబ్రవరి నెల. బయట మోకాలి లోతు మంచు. గదిలో పధ్నాలుగు మందిమి, చల్లారిన కాఫీలు. థాడ్ బూన్ అనే లైన్‌బ్యాకర్ కుర్రాడి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడి నేను అప్పుడే కూర్చున్నాను.

ఊరూరా తిరిగి కాలేజీ కుర్రాళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్ చూసి, ఎవడు పనికొస్తాడో మా టొలీడో టీమ్‌కి రిపోర్టు రాయడం నా ఉద్యోగం. ఏప్రిల్ చివర్లో డ్రాఫ్ట్. టీములన్నీ వంతులవారీగా ఆ కుర్రాళ్ళని ఎంచుకుంటాయి. ఆ ఏడాది మొదటి రౌండ్‌లో మా వంతు పదకొండోది. ఆ ఒక్క పేరు తప్పిందంటే ఊళ్ళో మంగలి షాపు నుంచి చర్చి మెట్లదాకా అయిదేళ్ళు తిడతారు.

లెనోర్ లెక్కల మనిషి. శీతాకాలం ముందే చేరింది గానీ పై అంతస్తులో కూర్చునేది, నా కంట పడలేదు.

"లైన్‌బ్యాకర్లంటే మీకేమైనా కోపమా అండీ?" అన్నాను.

"కోపం దేనికి? ఇప్పుడందరిదీ బంతి విసిరే ఆటే. విసిరేవాణ్ణి పడగొట్టేవాడు కావాలి, అందుకునేవాణ్ణి వెంటాడేవాడు కావాలి. మధ్యలో నిలబడే లైన్‌బ్యాకర్ నాలుగో రౌండ్‌లో కూడా దొరుకుతాడు. పదేళ్ళ లెక్క ఉంది, చూపించమంటారా?"

"ఆ మధ్యలో నిలబడేవాడేనండీ మిగతా పదిమందికీ చెప్పేది. కోచ్ మాట వాడి హెల్మెట్‌లోకే వస్తుంది. వాడు తడబడితే పదిమందీ గుడ్డివాళ్ళే. అది మీ లెక్కలో ఎక్కడుంది?"

"లేదు," అని ఒప్పుకుంది. "అందుకేగా మాటలు చెప్పడానికి మీకు జీతమిస్తున్నారు."

గదంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. అంత మంటలోనూ, ఆమె నవ్వితే ఎడమ చెంప ఒక్కటే సొట్ట పడుతుందని గమనించాను. గమనించడం నా వృత్తి, ఏం చేయను.

మా టీమ్‌ని నడిపే గస్ ప్రూయిట్ పెట్టిన ఆచారం ఒకటి ఉంది. ఆయన తండ్రి రైళ్ళలో కండక్టరు. ఆయన యూనిఫారాల నుంచి కోసిన ఇత్తడి బొత్తాలు ఒక సంచీలో ఉంటాయి, ఒక్కోదాని వెనక అయస్కాంతం. ఏటా ఆ గదిలో ఉన్న ప్రతివాళ్ళకీ ఒకటి ఇస్తాడు. ఎవరి పేరుకి పూచీ పడదలిస్తే ఆ పేరు పక్కన బోర్డుమీద పెట్టాలి. ఏడాదికి ఒకటే. పెట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ తీయకూడదు. పంతొమ్మిదేళ్ళలో తీసినవాడు లేడు.

అందరూ చూస్తుండగా లేచి నా బొత్తాం థాడ్ బూన్ పేరు పక్కన పెట్టాను. కొంత నమ్మకం, కొంత పంతం.

మార్చి నెలంతా మమ్మల్నిద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఆ కుర్రాడి ఆటలన్నీ చూడమన్నాడు గస్. ఒకరు నెగ్గాలి, లేకపోతే ఇద్దరూ ఒక మాట మీదకి రావాలి. ఆమె ప్రెట్జెల్ రొట్టెకి ఆవముద్ద పూసుకుని తింటూ, తెరమీద ఆట ఆపుతూ, నన్ను ప్రశ్నలతో చంపేది. నేను ఆమెని లెక్కల దొరసాని అనేవాణ్ణి. ఆమె నన్ను మాటల మరమగ్గం అనేది. మూడో వారానికి అండీలు పోయాయి. నాలుగో వారంలో, మామీ నది మీద మంచు పెళ్ళలుగా విరుగుతుంటే చూడ్డానికి వంతెనదాకా నడిచి, ఇద్దరం ఒకే గొడుగులో తిరిగొచ్చాం. నాకు ఆమె మీద ప్రేమ కలిగిందని ఆ గొడుగు కిందే తెలిసింది. చెప్పలేదు. డ్రాఫ్ట్ అయ్యాక చెబుదామనుకున్నాను. అప్పటికి నేను నెగ్గి ఉంటాను కదా.

ఈస్టర్‌కి ముందు మాంసం ముట్టని శుక్రవారాల్లో మా ఊళ్ళో అందరిళ్ళలోనూ పెర్చ్ చేపల వేపుడే. ఒక శుక్రవారం లెనోర్ వాళ్ళింటికి పిలిచింది. వేయించింది వాళ్ళన్న రాయిస్. మనిషి ఒడ్డూ పొడుగూ తలుపుకి సరిపోయినంత. ఒకప్పుడు లైన్‌బ్యాకర్ అని చూస్తేనే తెలుస్తుంది.

"నీ పేరేంటన్నావు బాబూ?" అన్నాడు చేపలు వడ్డిస్తూ.

"ఎమెట్ అండీ. ఎమెట్ కొవాక్."

కాసేపటికి మళ్ళీ అడిగాడు. పళ్ళెం తీసేటప్పుడు మూడోసారి అడిగాడు. మూడుసార్లూ అంతే ఆదరంగా అడిగాడు. అతని ఫ్రిజ్ తలుపు నిండా చీటీలే. మాత్ర ఏ పూట, స్టవ్ ఆపావా, అమ్మ పుట్టినరోజు ఎప్పుడు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి.

కారుదాకా సాగనంపుతూ లెనోర్ చెప్పింది. కాలేజీలో ఒకరోజు రాయిస్ తలకి దెబ్బ తగిలి, అవతలి జట్టు గుంపులోకి వెళ్ళి నిలబడ్డాడట. మైదానం అంచున నిలబడి చూసినవాళ్ళున్నారు. ఎవరూ నోరు విప్పలేదు. ఆ తర్వాత ఇంకో రెండు ఆటలు ఆడించారు.

"దెబ్బ కొట్టినవాడి మీద నాకు కోపం లేదు ఎమెట్. ఆట అదే కదా. చూసి ఊరుకున్నవాళ్ళని మాత్రం క్షమించలేను."

తలూపి కారెక్కాను. వీధి మలుపులో కారు ఆపేశాను.

నిరుడు నవంబర్లో బూన్ ఆట చూడ్డానికి నేను వెళ్ళాను. మూడో క్వార్టర్లో తలకి తల తగిలింది. లేచాడు. తర్వాతి ఎత్తుకి జట్టుకి కొత్త పిలుపు చెప్పాల్సింది, అంతకు ముందు ఎత్తుకి చెప్పిందే మళ్ళీ చెప్పాడు. వాడి జట్టువాడొకడు చొక్కా పట్టుకుని సరైన వైపుకి తిప్పాడు. టీవీ అప్పుడు జనాన్ని చూపిస్తోంది కాబట్టి రికార్డులో లేదు. నేను చూశాను. నాలుగో క్వార్టర్లో వాడే బంతి లాక్కుని ఆట గెలిపించేసరికి నా మనసు దాన్ని తుడిచేసింది. రిపోర్టులో, తలకి దెబ్బ తగిలిన సూచనలు చూశారా అనే ప్రశ్న ఎదురుగా, లేదు అని రాశాను.

రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని మూడు వారాలు గడిపాను. అబద్ధం చెప్పినవాణ్ణి ఆమె వదిలేస్తుంది, అది ఖాయం. ఉద్యోగం పోవచ్చు. ఆ కుర్రాడి బతుకు తలకిందులవుతుంది. నోరు మూసుకుంటే మటుకు అందరికీ సుఖం, రాయిస్ లాంటి ఇంకొకడికి తప్ప.

డ్రాఫ్ట్‌కి రెండు రోజులుందనగా ఆఖరి సమావేశం. గస్ మొదట లెనోర్‌ని అడిగాడు. ఆమె లేచి నావైపు చూసి సొట్ట పడేలా నవ్వింది.

"నేను తప్పాను. లైన్‌బ్యాకర్ ముందు రౌండ్లలో వద్దనేదే ఇప్పటికీ నా లెక్క. కానీ ఈ కుర్రాణ్ణి పదకొండులో తీసుకోవచ్చు. మిగతా పదిమందిని వీడెలా నిలబెడుతున్నాడో కళ్ళారా చూశాను. తల సంగతి ఒక్కటే నా భయం. ఎమెట్ రిపోర్టు చదివాక ఆ భయం కూడా పోయింది."

రెండు నెలలుగా ఆ మాట కోసమే బతికాను. తీరా అది వచ్చింది. లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి బూన్ పేరు పక్కనుంచి నా బొత్తాం తీశాను. నవంబర్లో చూసినదంతా చెప్పాను, లేదు అని రాసింది నేనేనని కూడా చెప్పాను.

గస్ ఆ బొత్తాం నా దగ్గర్నుంచి తీసుకుని అరచేతిలో తిప్పాడు. నవంబర్లో చూసింది ఏప్రిల్లో చెబుతున్నావు కొవాక్, అన్నాడు. నా ఉద్యోగం సంగతి డ్రాఫ్ట్ అయ్యాక చూస్తానన్నాడు.

లెనోర్ కార్లు నిలిపే చోట దొరికింది. సన్నటి వాన. ఈసారి గొడుగు ఆమెదే, నేను బయట ఉన్నాను.

"మా ఇంట్లో చేపలు తిన్నావు. మా అన్న మూడుసార్లు నీ పేరు అడిగితే మూడుసార్లూ చెప్పావు. అయినా మూడు వారాలు ఊరుకున్నావు."

"నీ దగ్గర నెగ్గాలనుకున్నాను."

"నెగ్గావుగా," అని కారెక్కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే బూన్‌కి ఫోన్ చేసి, చెప్పేశానని చెప్పాను. తిడతాడనుకున్నాను.

"ఆ క్వార్టర్ నాకసలు గుర్తులేదు సార్," అన్నాడు మెల్లగా. "ఎవరికైనా చెప్పాలంటే భయమేసింది."

మర్నాడు వాడే అన్ని టీములకీ ఆ సంగతి చెప్పుకున్నాడు. డాక్టర్లు చూశారు. ఒక ఏడాది ఆటకి దూరంగా ఉంటే కోలుకుంటాడు, ఇప్పుడే ఆడితే పూచీ లేదు అన్నారు.

గురువారం పదకొండో పేరుగా మేము వేరేవాణ్ణి తీసుకున్నాం. శుక్రవారం గడిచింది. శనివారం మధ్యాహ్నానికి ఆఖరి రౌండ్ వచ్చింది, బూన్ పేరు ఇంకా బోర్డుమీదే ఉంది. ఏ టీమూ ముట్టుకోలేదు. నేను గది మూల నిలబడి వాడి పేరు వంక చూడలేకపోయాను.

మా ఆఖరి వంతు. నాలుగు నిమిషాల గడియారం మొదలైంది. లెనోర్ లేచింది. ఆ ఏడాది తన బొత్తాం ఎవరికీ పెట్టలేదని నాకప్పుడే గుర్తొచ్చింది. కోటు జేబులోంచి తీసి బూన్ పేరు పక్కన పెట్టింది.

"ఏడాది ఆడించకూడదు. ఆ మాట కాగితం మీద ఉండాలి. అలాగైతేనే నా పూచీ," అంది.

గస్ ఆమె వంకా నా వంకా చూసి ఫోన్ నా చేతికిచ్చాడు. కుర్రాడికి కబురు నువ్వే చెప్పు, ఎలాగూ చెప్పడం అలవాటు చేసుకోవాలిగా అన్నాడు. ఉద్యోగం ఉందని ఆయన పద్ధతిలో చెప్పడం అది. వచ్చే ఏడాది మాత్రం నాకు బొత్తాం ఉండదట.

ఫోన్‌లో బూన్ ఏడ్చాడు.

అందరూ వెళ్ళాక లెనోర్ నా పక్కకి వచ్చి నిలబడింది.

"నిన్నింకా పూర్తిగా క్షమించలేదు."

"తెలుసు. నువ్వంటే నాకు ప్రేమ. ఇంకేదీ దాచకూడదని ఇది కూడా చెబుతున్నాను."

ఆమె బోర్డుమీది పేర్లు ఒక్కొక్కటే తీసి పెట్టెలో పెట్టింది. తలుపు దగ్గరికి వెళ్ళాక, వచ్చే శుక్రవారం ఆరింటికి చేపలు అంది.

శుక్రవారం అయిదున్నరకే వెళ్ళాను. రాయిస్ తలుపు తీసి, నన్ను పట్టిపట్టి చూసి, "నీ పేరేంటన్నావు బాబూ?" అన్నాడు. చెప్పబోయాను. ఆగమన్నట్టు చెయ్యెత్తి, లోపలికి వెళ్ళి ఫ్రిజ్ ముందు నిలబడి చీటీలన్నీ వెతికాడు. మాత్ర, స్టవ్, అమ్మ పుట్టినరోజు. అన్నిటికంటే కింద కొత్త చీటీ, అతని పెద్ద అక్షరాల్లో.

ఎమెట్. చూసింది చెప్పినవాడు. మన లెనోర్‌కి ఇష్టం. చేపలు ఎక్కువ పెట్టాలి.

రాయిస్ పైకే చదివాడు. లెనోర్ ముఖం ఎర్రబడింది, పళ్ళేలు సర్దుతున్నట్టు అటు తిరిగింది. రాయిస్ నా భుజం మీద బరువుగా చెయ్యి వేసి కుర్చీ చూపించాడు. కూర్చున్నాను.