గోడ అవతల అల్లరి

కృపానిధి పెరట్లో బట్టలు ఉతుకుతున్నాడు. గుమ్మంలో కూతురు మెర్సీ పదో తరగతి సైన్సు గైడు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని వల్లిస్తోంది. "టర్మరిక్ టర్న్స్ రెడ్ ఇన్ బేసెస్... టర్మరిక్ టర్న్స్ రెడ్..."

అతను ఊళ్లోని సర్కారు హైస్కూల్లో తెలుగు మాస్టారు. కూతురు చదివేదీ అక్కడే. భార్య లీలారాణి అదే బడిలో సైన్సు టీచరు. నిరుడు వానల్లో కామెర్లతో పోయింది. ఆమె ఖాళీలోకి ఇంతవరకూ ఎవరూ రాలేదు.

ఆమె తమ్ముడు బెన్హర్ పొద్దున్నే విజయనగరం నుంచి దిగాడు. మెర్సీని చేర్చడానికి అక్కడి ప్రైవేటు బడిలో మాట్లాడి వచ్చాడట. మేనకోడలు బ్యాగు సర్దుకుంది. కృపానిధే ఔననలేదు, కాదనలేదు.

"ఏటో ఒకటి సెప్పు బావా. బస్సెల్లిపోతాది."

"మాస్టారి కూతురే మానేస్తే, ఊళ్లోవాళ్లు తమ పిల్లల్ని ఉంచుతారా బెన్హరూ?"

"ఊరి పిల్లల సంగతి తరవాత. ముందు మా అక్క కూతురి సంగతి సెప్పు."

అంతలో మెర్సీ గైడు పడేసి లేచింది. "నాన్నా, రగతం! సెయ్యి కోసుకున్నావేటి?"

కృపానిధి చేతులు చూసుకున్నాడు. గాయమేమీ లేదు. రాత్రి చొక్కా మీద ఒలికిన పప్పు మరక, సబ్బు తగిలి ఎర్రబడింది.

బెన్హర్ పకపకా నవ్వాడు. "ఒసే పిచ్చీ, పసుపే అది! ఇంతసేపూ నువ్వు సదువుతన్నదేటి మరి?"

మెర్సీ గైడు వైపు చూసింది. చొక్కా వైపు చూసింది. "ఇదేనా అది?" అంది మెల్లగా.

బెన్హర్ నవ్వు ఆగిపోయింది.

"అమ్మ ఇవన్నీ చూపించేది కదమ్మా," అన్నాడు కృపానిధి.

"పదో తరగతోళ్లకి సూపించీది. నేను పదికొచ్చేసరికి అమ్మ నేదు. పీఈటీ సారు గైడు సదువుతారు, మేం రాసుకుంటాం. ఆయన మాత్రం ఏటి సేస్తారు? ల్యాబుంటే మేమే సూసుకుందుం."

"మన బడికి ల్యాబెక్కడిదే?"

"ఉండీది. నువ్వే ఇంటికి తెచ్చీసేవు."

ల్యాబు పేరుతో బడికి వచ్చినవి రెండు ఖాళీ బీరువాలు. వాటిని నింపింది లీలారాణే. ఇంట్లోని పాత గ్లాసులు, పసుపు పూసి ఆరబెట్టిన కాగితాలు, ఎండబెట్టిన మందారపూలు, జీతం డబ్బుతో కొన్న భూతద్దాలు. ఆమెను సమాధి చేసిన వారానికి కృపానిధి, "మా ఆవిడవి" అని చెప్పి అన్నీ ట్రంకుపెట్టెలో సర్దుకుని తెచ్చేశాడు. ఆమె మంచం కింద పెట్టాడు. హెడ్మాస్టారు అడ్డు చెప్పలేదు. అవి బడివి కావు మరి.

"అవి అమ్మవి," అన్నాడు కృపానిధి.

"నాకు తెల్దా? రోజూ పెట్టె తుడుస్తావు. మూత తియ్యవు. ఒక్కసారి నాకు సూపించనేదు. నాకూ అమ్మే కదా నాన్నా."

బెన్హర్ చొక్కా అందుకుని, జాడించిందే జాడిస్తూ నిలబడ్డాడు.

కృపానిధి లోపలికి వెళ్లి ట్రంకుపెట్టెతో తిరిగి వచ్చాడు. "నువ్వు మావయ్యతో వెళ్లమ్మా. పెట్టె బడికి వెళ్లినంత మాత్రాన టీచరు వచ్చినట్టు కాదు. అది నాకూ తెలుసు." పెట్టెను స్కూటరు వైపు జరిపాడు. "బడి దాకా దీన్ని పట్టుకు కూర్చుంటావా? స్కూటరు మీద ఒక్కణ్ణి తీసుకెళ్లలేను."

"మరి బస్సో?"

"పోతే పోనీయే. సాయంత్రం ఇంకోటున్నాది," అన్నాడు బెన్హర్.

బడిలో ఎనిమిదో తరగతికి సైన్సు పీరియడు. టీచరు లేక పిల్లలు ఊరికే కూర్చున్నారు. మెర్సీ వాళ్ల ముందు పెట్టె మూత తెరిచింది. కృపానిధి అక్కడ నిలబడలేక పక్క గదిలోకి, తన తొమ్మిదో తరగతికి వెళ్లి పద్యం ఎత్తుకున్నాడు.

మొదటి పాదం పూర్తవుతుండగా గోడ అవతల పిల్లలు ఒక్కసారిగా కేక పెట్టారు. కాగితం ఎర్రబడి ఉంటుంది. లీలారాణి ఉన్నప్పుడు ఆ కేక వచ్చిన ప్రతిసారీ అతను డస్టరుతో గోడ మీద కొట్టేవాడు. ఆమె అటునుంచి రెండుసార్లు తిరిగి కొట్టేది. పిల్లలు మూతికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

ఇప్పుడు తరగతంతా అతని చేతిలోని డస్టరు వైపు చూసింది.

"కొట్టరేటి సార్?" ముందు బెంచీ అమ్మాయి అడిగింది.

మెల్లగా ఒకసారి కొట్టాడు.

కాసేపు ఏమీ లేదు. తర్వాత అటునుంచి రెండుసార్లు.

పద్యం రెండో పాదం పిల్లలే అందుకున్నారు. అది పూర్తయ్యేదాకా మాస్టారు బోర్డు వైపే తిరిగి ఉండిపోయారు.