గురి మేస్త్రి ఎడమకన్ను

పెద్ద వరద వచ్చి కలప అడితిలోని దుంగలన్నీ కొట్టుకుపోయిన ఏడాది అది. ఒక ఉదయం వడ్రంగి మేస్త్రి ఎప్పటిలాగే చిత్రిక పట్టిన పలకను భుజం ఎత్తుకు లేపి, ఎడమకన్ను మూసి, కుడికంటితో అంచు వెంబడి చూశాడు. వెంట్రుకవాసి వంకరున్నా ఆ కంటికి దొరికిపోయేది. అందుకే అందరూ ఆయన్ని గురి మేస్త్రి అనేవారు. ఆ పేరంటే ఆయనకు కొండంత గర్వం.

అదే పని నేర్చి పక్కనే తలుపు బిగిస్తున్న కూతురు, ఇవాళ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలని గుర్తుచేసింది. మేస్త్రి మొహం ముడుచుకున్నాడు గానీ చొక్కా వేసుకున్నాడు.

మేస్త్రి అన్నగారికి నీటికాసుల జబ్బుతో, అంటే గ్లాకోమాతో, చూపు పోయింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. తెలిసేసరికి అంతా అయిపోయింది. ఇంట్లో ఒకరికి వస్తే తోబుట్టువులకూ పిల్లలకూ భయం ఎక్కువేనని విని, కూతురు కొన్ని నెలల కిందట తనూ పరీక్ష చేయించుకుంది, తండ్రినీ లాక్కెళ్ళింది. ఆమెకేమీ లేదు. మేస్త్రికి చూపు బాగానే ఉన్నా రెండు కళ్ళలోనూ లోపలి ఒత్తిడి ఎక్కువగా ఉంది. కంటినరం దెబ్బతినకముందే దాన్ని తగ్గించాలని డాక్టరమ్మ చుక్కలమందు ఇచ్చింది. మందు తానే వేసుకుంటానని మేస్త్రి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

ఈసారి పరీక్షలో కుడికంట్లో ఒత్తిడి చక్కగా దిగింది. ఎడమకంట్లో ఎక్కడిదక్కడే ఉంది. ఎందుకిలా అని డాక్టరమ్మ ఎంత అడిగినా మేస్త్రి గోడవైపే చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి రాగానే కూతురు నిలదీసింది.

"నిజం చెప్పు నాన్నా. ఎడమకంట్లో మందు వేసుకోవట్లేదు కదూ?"

"పనిచేసేది కుడికన్ను. మూసుకుని కూర్చునేదానికి మందు దండగ."

కూతురికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "సుత్తి కొట్టేది కుడిచెయ్యి. ఉలి పట్టుకునే ఎడమచేతిని నరికేసుకుంటావా మరి?"

మేస్త్రికి కోపం వచ్చింది. నువ్వు పుట్టకముందు నుంచి గురి చూస్తున్నానని, కన్ను గురించి నాకే చెబుతావా అని కసిరాడు. అంతవరకూ గుమ్మంలో నిలబడి వింటున్న భార్య అప్పుడు లోపలికి వచ్చింది.

"బావగారు మన గొంతు వింటే గానీ మనల్ని గుర్తుపట్టరు" అంది మెల్లగా. "పనికి ఒక కన్ను చాలు, సరే. అన్నం దగ్గర నేనెప్పుడూ మీ ఎడమపక్కనే కూర్చుంటాను. నేను ఏ కంటికి కనబడాలండీ?"

మేస్త్రి కుడికన్ను అరచేత్తో మూసుకున్నాడు. ఎన్నడూ పట్టించుకోని ఎడమకంటితో ముందు భార్యను చూశాడు. ఆ తర్వాత, తడిసిన కళ్ళతో నిటారుగా నిలబడ్డ కూతుర్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"ఎక్కడా వంకర లేదు" అన్నాడు. మందుసీసా తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే పని ముట్టుకోకుండా పక్కవీధిలోని తమ్ముడి ఇంటికి వెళ్ళి, కంటిపరీక్షకు బయల్దేరమన్నాడు.

"నా కళ్ళకేం, శుభ్రంగా ఉన్నాయి అన్నయ్యా."

"నావీ అలాగే ఉన్నాయి. అలా ఉండగానే వెళ్ళాలి."

"ఎవరన్నారు?"

"మా అమ్మాయి" అన్నాడు గురి మేస్త్రి, ఛాతీ విరుచుకుని.