ఎడమ వెనక మూల

"ఈ సంతకం మీదేనా?"

తలెత్తాను. ఇన్‌స్పెక్షన్ షీట్ నా ముక్కుకి రెండంగుళాల దూరంలో ఉంది. దాని వెనక ఒక అమ్మాయి. ఆమె వెనక, వర్క్‌షాప్ గేటు దగ్గర, పన్నెండు రోజుల కిందట మా పాత బళ్ళ యార్డు అమ్మిన పెద్ద ఆఫ్‌రోడర్ జీపు పొట్ట నేలకానించి గేదెలా కూలబడి ఉంది.

"నాదేనండీ."

"సస్పెన్షన్ పక్కన టిక్కు పెట్టి, బాగుంది అని రాశారు. బాగుండటమంటే ఇదేనా?"

"అప్పుడు బాగానే ఉందండీ," అన్నాను.

అబద్ధం. మొదటి పరిచయంలోనే అబద్ధమాడినవాణ్ణి ప్రేమకథలో హీరో అనొచ్చో లేదో మీరే తేల్చుకోండి.

అమ్మకం రోజు పొద్దున ఆ బండి డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. "పార్టీ దారిలో ఉంది, ముందా లైటు ఆర్పెయ్," అన్నాడు మేనేజర్. స్కానర్ తగిలించాను. బండిలో ఏం పాడైందో చెప్పే కోడ్లు తెర మీద వరసగా పడ్డాయి. చదవాలి, రాసుకోవాలి, ఆ తర్వాతే చెరపాలి. మా పనిలో మొదటి పాఠం అది. నేను చదవకుండానే క్లియర్ నొక్కేశాను. బండి తన బాధ చెప్పుకోబోతుంటే నోరు మూయించి, బాగుందని సంతకం పెట్టాను.

అరగంటకి ఆమె నాన్నగారు వచ్చారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే ఇంట్లో డ్రైవర్‌గా చేసి రిటైరయిన మనిషి. అన్నేళ్ళూ ఇలాంటి బళ్ళకి వెనక తలుపు తీసి పట్టుకున్నారు. పాతదైనా సరే, తనకంటూ ఒకటి ఉండాలనుకున్నారు. తాళాలిస్తుంటే రెండు చేతులూ చాపి అందుకున్నారు.

"దాన్ని నాన్న మొదట ఎక్కడికి తీసుకెళ్ళారో తెలుసా?" అంది ఆమె. "పనిచేసిన అయ్యగారికి చూపించడానికి. రెండు గంటలు కూర్చుని బయటికొచ్చేసరికి ఇలా చతికిలబడి ఉందట. 'నీ బండి కూడా నాకు వంగి దండం పెడుతోందిరా' అని ఆయన వీధంతా వినపడేలా నవ్వారట. ఆ పూట నాన్న భోజనం చెయ్యలేదు."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నేను బాగుచేసిస్తానండీ. ఎన్నిసార్లయినా సరే."

"ఎన్నిసార్లయినా ఏంటి? ఒక్కసారి చాలు."

ఒక్కసారికి కాలేదు. ఆ బండికి స్ప్రింగులుండవు. నాలుగు చక్రాల దగ్గర నాలుగు రబ్బరు తిత్తులు, వాటిలోకి గాలి కొట్టే కంప్రెసర్. కొత్తగా వచ్చిన కోడ్ కంప్రెసర్ అలిసిపోయిందని మాత్రమే చెప్పింది. కొత్తది వేశాను. బండి ఠీవిగా లేచింది. రెండో రోజుకి మళ్ళీ చతికిలబడింది.

"లోపలెక్కడో స్స్ అంటోంది," అంది ఆమె రెండోసారి వచ్చి, చెవి రిక్కించి.

"నాకేం వినపడట్లేదే."

"మీకెందుకు వినపడుతుంది? మీరు లాప్‌టాప్ మాటే వింటారు. నేను చెవుల క్లినిక్‌లో టెక్నీషియన్‌ని, వినికిడి పరీక్షలు నేనే చేస్తాను. నా మాట నమ్మండి."

సబ్బు నీళ్ళు కొట్టి బుడగలు చూద్దామని సీసా తెచ్చాను. అంతలో రేకుల కప్పు మీద వాన దబదబా అందుకుంది. బండి గేటు బయట ఉంది. సబ్బూ నిలవలేదు, చప్పుడూ వినపడలేదు. పాత టైర్ల మీద చెరో పక్కా కూర్చున్నాం.

"ఇంతకీ కంప్రెసర్ ఎందుకు అలిసిపోయిందట?"

"అది చెప్పట్లేదండీ."

"ముందొకసారి చెప్పే ఉంటుంది. ఎవరూ విని ఉండరు," అని నవ్వింది.

ఆమె ఏమీ తెలియకుండానే అంది. నేను మాత్రం సబ్బు నీళ్ళ సీసా మూత మూడుసార్లు బిగించాను. అప్పుడే చెప్పేయాల్సింది. కానీ వాన తుంపర ఆమె కనురెప్పల మీద నిలిచింది. చెబితే రేపట్నుంచి ఈమె రాదన్న ఆలోచన వచ్చింది. నా సిగ్గుమాలినతనం అంతవరకూ వెళ్ళింది.

ఆ వారంలోనే చెవులు చూపించుకునే వంకతో క్లినిక్‌కి వెళ్ళాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టింది.

"చిన్న శబ్దం వస్తుంది. వినపడితే చెయ్యెత్తండి. ఎంత చిన్నగా వినపడినా సరే."

అద్దం అవతల ఆమె తలవంచి మీటలు తిప్పుతోంది. చెవి మీద జారిన వెంట్రుకని వెనక్కి తోసుకుంది. నేను ఏడు శబ్దాలు వదిలేశాను.

"చెవులు బాగానే ఉన్నాయి," అంది కాగితం చేతికిస్తూ. "ధ్యాసే బాగాలేదు. మా ఇంట్లో ఇంకొకరున్నారు ఇలాగే. టీ కావాలా అని నేను చిన్నగా అడిగితే, వినపడిందని నాన్న చెయ్యెత్తాల్సిందే, నా ప్రాక్టీసంతా ఆయన మీదే."

వర్క్‌షాప్‌లో తేలేలా లేదని, చివరికి ఓ సాయంత్రం వాళ్ళింటికే వెళ్ళాను. ఫ్యూజుల డబ్బా తెరిచి, సస్పెన్షన్ ఫ్యూజు పీకి వాళ్ళ నాన్నగారి చేతిలో పెట్టాను.

"ఒక మూల గాలి పోతే, బండి వంకరగా కనపడకూడదని మిగతా మూడూ తమంతట తాము దిగిపోతాయి అంకుల్. అందుకే దోషి ఎవరో తెలియట్లేదు. ఈ ఫ్యూజు లేకపోతే అవి దిగలేవు. పొద్దున్నకి తెలిసిపోతుంది."

"పాపం, దాని పరువు కాపాడుతున్నాయా?" అంది ఆమె.

"ఈ రోజుల్లో బండి అమ్మి ఇన్నిసార్లు ఇంటికొచ్చేవాళ్ళు ఎవరున్నారు బాబూ?" అన్నారు ఆయన, ఫ్యూజు జేబులో వేసుకుంటూ. ఆ మాటకన్నా ఓ చెంపదెబ్బ నయమనిపించింది.

పొద్దున్నే వెళ్ళేసరికి తండ్రీకూతుళ్ళు వాకిట్లో నిలబడి ఉన్నారు. మూడు మూలలు నిటారుగా ఉన్నాయి. ఎడమ వెనక మూల ఒక్కటే చక్రం మీదికి కుంగిపోయింది. దాచడానికి ఏమీ మిగల్లేదు. సబ్బు నీళ్ళు కొట్టగానే తిత్తి మడతలో బుడగలు లేచాయి.

"దొరికింది!" అని ఆమె చప్పట్లు కొట్టింది.

"ఇది నాకు ఆరోజే దొరకాల్సిందండీ," అన్నాను. "అమ్మకం రోజు బండి చెప్పింది. నేనే కోడ్లు చదవకుండా చెరిపేసి సంతకం పెట్టాను. మేనేజర్ చెప్పాడు, నిజమే. కానీ నొక్కింది నా వేలు."

చప్పట్లు కొట్టిన చేతులు అలాగే ఆగిపోయాయి.

"నేను మీ గురించి నాన్నతో ఏం చెప్పానో తెలుసా?" అంది. "ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నారా నాన్నా అన్నాను." లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

ఆయన జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశారు. డ్రైవర్ అలవాటు, రోజూ మీటర్ రీడింగ్ రాసుకుంటారట. "అయ్యగారింటి నుంచి వచ్చిన మర్నాడే మా స్నేహితుడి దగ్గర స్కానర్ పెట్టించాను. కోడ్లు చెరిపాక అరవై రెండు కిలోమీటర్లు నడిచిందని చూపించింది. నేను కొన్నాక నడిపింది కూడా అరవై రెండే. అంటే చెరిపింది మీ యార్డులోనే."

"మీకు మొదట్నుంచీ తెలుసా?"

"తెలుసు. నీ అంతట నువ్వు చెప్తావా లేదా అని చూశాను. చాలా రోజులు పట్టింది బాబూ."

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆయన ఫ్యూజు తీసి నా చేతిలో పెట్టి లోపలికెళ్ళారు.

కొత్త తిత్తి రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఆమె ఫోనెత్తలేదు. ఈలోపు మేనేజర్‌కి చెప్పేశాను, ఇకపై కస్టమర్‌కి చూపించందే ఒక్క కోడూ చెరపనని. తిత్తి బిగించి, బండి నాలుగు కాళ్ళ మీద నిలబడ్డాక, ఆయన్ని ఒకటే అడిగాను.

"మీ అయ్యగారిల్లు ఎక్కడ అంకుల్?"

ముగ్గురం వెళ్ళాం. నాన్న రమ్మంటే వచ్చిన ఆమె, వెనక సీట్లో కూర్చుని దారి పొడవునా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అయ్యగారు మేడ మీది వరండాలో ఉన్నారు. గేటు దగ్గర నిలబడి, ముందే తయారుచేసుకున్న మాటలు మర్యాదగా అప్పజెప్పాను.

"వినపడలా!" అన్నారు పైనుంచి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

మళ్ళీ చెప్పాను. "గట్టిగా చెప్పవయ్యా!"

దిక్కుతోచక ఆమె వైపు చూశాను. చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "ఆయన మా పేషెంటే. మిషన్ పెట్టుకోమంటే పెట్టుకోరు. బాగా అరవాలి," అంది. నాలుగు రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

అరిచాను. "ఆ రోజు బండి కూలబడింది నా వల్లేనండీ! లైటు వెలిగితే ఆర్పేసి, దాచిపెట్టి అమ్మాను! ఈయన తప్పేం లేదు, నేను మోసం చేశాను!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. పక్కింటివాళ్ళు చీపుళ్ళు పట్టుకుని బయటికొచ్చారు. సైకిలు మీద పోతున్నాయన కాలు కిందపెట్టి ఆగాడు. నా చెవులు కాలిపోతున్నాయి. అయినా ఆమె పెదవి చివర కొంచెం వణికింది. అది నవ్వేనని నేను ఇప్పటికీ అంటాను, కాదని ఆమె అంటుంది.

అయ్యగారు మెట్లు దిగి వచ్చి బండి చుట్టూ ఓసారి తిరిగారు. తన పాత డ్రైవర్ వైపు చూసి, "ఆ రోజు నేనన్న మాట..." అని ఆగి, గొంతు సవరించుకున్నారు. "బాగుందిరా బండి. ఏదీ, నన్నోసారి తిప్పి తీసుకురా."

"ఇంకోరోజు తిప్పుతానండీ," అన్నారు ఆయన మెల్లగా కాదు, గట్టిగానే. "ఇవాళ నేను వెనక కూర్చుంటున్నాను."

తాళాలు నా చేతికిచ్చారు. నేను వెనక తలుపు తీసి పట్టుకున్నాను. ఆయన ఎక్కి కూర్చుని, సీటుని ఓసారి అరచేత్తో నిమిరారు. ఆమె వచ్చి ముందు సీట్లో, నా పక్కన కూర్చుంది.

వీధి దాటాం. బండి నీళ్ళ మీద పడవలా పోతోంది. ఎక్కడా స్స్ అనే చప్పుడు లేదు. ఆమె రోడ్డు వైపే చూస్తోంది. నేనూ రోడ్డు వైపే చూస్తూ, నా చెవికే సరిగ్గా అందనంత చిన్నగా అన్నాను.

"నాకు చాలా సిగ్గుగా ఉందండీ. అయినా మీరంటే ఇష్టం."

ఆమె తల తిప్పలేదు. రెండు మలుపులు దాటాం. తర్వాత ఆమె చెయ్యి మెల్లగా పైకి లేచింది.

వెనక బండేదైనా వస్తోందేమోనని అద్దంలోకి చూశాను. వెనక సీట్లో ఆయన చెయ్యి కూడా పైకే ఉంది. ముఖం మాత్రం కిటికీ వైపు తిప్పుకుని ఉన్నారు.