పక్కింటి మోటారు

"మొదలెట్టీసేడు చూడు, వెధవ!"

తిరుమలరావు టీ గ్లాసుని వరండా గోడ మీద ఠక్కున పెట్టాడు. అప్పుడే తెల్లవారుతోంది. బిలాస్‌పూర్ శివారు మోప్కాలో ఆ వీధికి ఇంకా పాలవాడు కూడా రాలేదు. పక్కింటి సూర్యం మోటారు మాత్రం గుయ్యిమంటూ మొదలైపోయింది. అసలు మొదలవడమేమిటి, రాత్రంతా ఆగితే కదా!

"ఏటే కనకం! వినబడతందా?"

వంటింట్లోంచి కనకమహాలక్ష్మి తల బయటపెట్టింది. "ఏటి వినబడాలండీ?"

"మోటారే! ఇంకేటి?"

"నాకేటీ వినబళ్ళేదు."

"నీకెలాగ వినబడతాదిలే. చెవుడు."

ఆవిడ లోపలికెళ్ళిపోయింది. మొదట్లో వాదించేది. వాదిస్తే చెవిటిదానితో పాటు బుర్ర లేనిది కూడా అవుతున్నానని తెలిశాక మానేసింది.

తిరుమలరావు లెక్కలో ఈ భూమ్మీద రెండే జాతులు. ఇంజిన్ తోలినవాళ్ళు, తోలడం చేతకాక మిగిలిపోయినవాళ్ళు. స్టేషన్ మాస్టర్లు జెండా ఊపే చిలకలు. గార్డులు వెనక పెట్టెలో కునుకు తీసే జమీందార్లు. రైల్వే డాక్టర్లయితే మరీ ఘోరం, జ్వరానికీ పంటినొప్పికీ ఒకటే మాత్ర. ఉద్యోగమంతా బిలాస్‌పూర్ నుంచి బొగ్గు బళ్ళు లాగుతూ, ఇలా ఒక్కొక్కణ్ణీ తిట్టుకుంటూ హాయిగా గడిపేశాడు. రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాక, తిట్టడానికి రైల్వే అందుబాటులో లేక వీధి మీద పడ్డాడు.

ఆ వీధిలోనూ సూర్యం మీద పడటమే విచిత్రం. సూర్యం ఆయన దగ్గర అసిస్టెంటుగా చేసినవాడు. ఇంజిన్లో పక్కసీట్లో కూర్చుని, ఆయన అన్నం తింటే తిని, పస్తుంటే పస్తున్నవాడు. "గురువుగారి పక్కనే ఉంటాను" అని పట్టుబట్టి పక్క ప్లాటు కొనుక్కున్నాడు. గృహప్రవేశానికి పాలు పొంగించింది కూడా కనకమహాలక్ష్మే. అలాంటివాడు నీళ్ళకోసం పెరట్లో మోటారు బిగించుకున్నాడు, అంతే, పాపం పండింది. తిరుమలరావు మొదట మెత్తగా చెప్పాడు. తర్వాత గట్టిగా చెప్పాడు. గణేశ్ పందిరి దగ్గర, వీధి వీధంతా చూస్తుండగా, "నిద్ర దొంగవిరా నువ్వు, విశ్వాసం లేని కుక్కవి" అనేశాడు. సూర్యం తలొంచుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి రెండిళ్ళ మధ్య మాటల్లేవు. కనకమహాలక్ష్మీ, సూర్యం భార్య పైడమ్మా దొంగల్లా కుళాయి దగ్గర మాట్లాడుకోవాల్సి వస్తోంది.

"నాన్నా, ఈరోజైనా కూర్చుంటారా?"

కూతురు స్పందన లాప్‌టాప్, పెద్ద హెడ్‌ఫోనూ పట్టుకుని వచ్చింది. రాయపూర్‌లో ఒక పరిశోధన సంస్థలో పని. వినికిడి పోవడం మీద, చెవి జబ్బుల మీద చదువుతోంది. రైల్వేలో చేసి రిటైరైనవాళ్ళ చెవులు పరీక్ష చెయ్యడానికి పుట్టింట్లో దిగింది.

"ఏటి నీ పరీక్ష? చెవులు గిల్లుకుంటూ తిరిగినోళ్ళకి డాక్టరేట్ ఇచ్చీస్తారా? అచ్ఛా! రేపు ముక్కు చీదితే కలెక్టర్ని చేస్తారు కాబోలు."

"కాసేపే నాన్నా. బీప్ వినబడితే బటన్ నొక్కాలి, బస్, అంతే."

"ఈ చెవితో రైలు తోలినోణ్ణే! నీ కీచుమనే డబ్బాతో దీనికి పరీక్షా? వెళ్ళి ఆ సూర్యంగాడి చెవులు చూసుకో. వాడు నిశ్శబ్దమంటే ఏటో ఎరగని ఘనుడు."

"చూశాను. నిన్న కోని ఊళ్ళో మా చెవుల క్యాంపుకి వచ్చాడు బాబాయ్." స్పందన లాప్‌టాప్ మూసింది. "మీతో దాని గురించే మాట్లాడాలి."

"వాడి ఊసు నాకొద్దు!"

ఇంతలో సూర్యం ఇంటి ముందు కారాగింది. బోద్రీలో ఉన్న హైకోర్టులో గుమాస్తా అట, ఒకాయన చేతిలో ఫైలు పట్టుకుని దిగి, ఇంటిని కిందనుంచి పైదాకా చూస్తున్నాడు. కనకమహాలక్ష్మి చేతులు కొంగుకి తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఇల్లు చూడ్డానికొచ్చేరండీ. సూర్యం వాళ్ళు అమ్మీసి విజయనగరం ఎళ్ళిపోతారట. పైడమ్మ నిన్న చెప్పి ఒకటే ఏడుపు. మీరొక్కమాట అంటే ఆగుతారు."

"ఎందుకాపాలి? పీడా పోతాది!"

పైకలా అన్నాడు గాని, లోపల ఎక్కడో కలుక్కుమంది. సూర్యం లేని వీధిని ఆయనెప్పుడూ ఊహించుకోలేదు. తిట్టడానికైనా వాడు పక్కన ఉండాలి కదా. ఆ బాధ బయటపడితే పరువు తక్కువనుకున్నాడేమో, గోడ దగ్గరికెళ్ళి గుమాస్తాతో హిందీలో గట్టిగా చెప్పాడు. "భాయీ సాబ్! ఇల్లు కొంటే కొనుక్కోండి. ముందా మోటారు పీకించండి. చెవులు తూట్లు పడిపోతున్నాయి."

గుమాస్తా తెల్లబోయాడు. "కౌన్‌సా మోటర్? ఇక్కడ మోటారే లేదు. నీళ్ళకి ఇబ్బందని వాళ్ళే చెప్పారు."

"అబద్ధాలకోరు!"

తిరుమలరావు గేటు తోసుకుని సూర్యం పెరట్లోకి దూసుకెళ్ళాడు. వెనకే స్పందన, ఆమె వెనక కనకమహాలక్ష్మి. పెరట్లో సూర్యం లేచి నిలబడ్డాడు. రిటైరయ్యాక కూడా గురువుగారి ముందు కూర్చోవడం అతనికి రాలేదు.

"ఏదిరా మోటారు? ఎక్కడ దాచీసేవు?"

సూర్యం చూపించాడు. మోటారు ఉండే గుంటలో మట్టి నింపి ఉంది. అందులో పుదీనా గుబురుగా ఎదిగి, ఒకసారి కోసేశాక మళ్ళీ చిగురేసింది. పైపు మూతికి బిరడా కొట్టి ఉంది.

"గణేశ్ పండగైన మర్నాడే తీసీసేను గురువుగారూ. అమ్మగారు చెప్పినా మీరు నమ్మలేదట."

వీధి చివరి కుళాయి నుంచి రెండు చేతులా బకెట్లతో సరిగ్గా అప్పుడే వచ్చింది పైడమ్మ. తిరుమలరావుని చూడగానే ఆవిడ మొహం మాడిపోయింది.

"చూసేరా? కళ్ళారా చూసుకోండి. ఈ మోకాళ్ళతో వీధి చివర్నుంచి మోస్తన్నాను. మీకు నిద్దర పట్టాలని! పట్టిందా మరి? పెద్దోళ్ళని నోరు మూసుకున్నాం గాని, కుక్కంటే పడుండడానికి మేవేటి మీ సొమ్ము తిన్నామా?"

"పైడీ, ఊరుకో," అన్నాడు సూర్యం.

"ఎందుకూరుకోవాలి? ఎళ్ళిపోతన్నాం కదా, ఇంకేటి భయం?"

తిరుమలరావుకి ఎవరూ ఇలా ఎదురు చెప్పి ఎరగరు. నోట్లో తిట్టు తయారుగానే ఉంది, బయటికి రావడం లేదు. ఎందుకంటే మోటారు లేని ఆ పెరట్లో నిలబడితే మోటారు ఇంకా మోగుతూనే ఉంది. గుయ్యిమని, ఇంటి దగ్గర ఎంతో ఇక్కడా అంతే.

"మరి ఈ చప్పుడేటి?" అన్నాడు నెమ్మదిగా.

"అదే తెలవలేదు గురువుగారూ. మోటారు తీసినా మీరు తిడతానే ఉన్నారు. ఫ్రిజ్ అనుకుని రాత్రుళ్ళు ఆపీసీవోళ్ళం. ఇన్వర్టర్ అనుకుని అమ్మీసేను. ఫ్యాను కూడా మార్పించేను."

"చప్పుడేటీ లేదని ఒక్కమాట చెప్పొచ్చు కదరా!"

సూర్యం ఆశ్చర్యంగా చూశాడు. "మీరు వినబడతందన్నాక లేదని నేనెలాగంటాను? బండిలో మీరు చప్పుడొస్తందంటే దిగి చూడ్డమే కదా నా పని. భన్వర్‌టోంక్ కొండ ఎక్కుడులో గుర్తుందా? వాన. నాకేటీ వినబళ్ళేదు. మీరు ఆపమన్నారు. నేను మనసులో తిట్టుకుంటానే దిగేను. చూస్తే బేరింగు ఎర్రగా కాలిపోతంది. మీరు వినకపోతే ఆరోజు నా పిల్లలకి తండ్రి లేడు." సూర్యం పుదీనా గుంట వైపు చూశాడు. "అందుకని వెతికేను. నాకు వినబళ్ళేదంటే నా చెవిదే తప్పనుకున్నాను. ఇంట్లోంచి ఇంకేటి తియ్యాలో తెలీక, మేవే ఎళ్ళిపోతే మీరు నిద్దరోతారని…"

కనకమహాలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది.

స్పందన తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. "నిన్న బాబాయ్ నన్నేమడిగాడో తెలుసా నాన్నా? 'అమ్మా, మోటారు లేకుండా మోటారు మోత వస్తాదా' అని. నాకప్పుడే అర్థమైంది. ఒక్కసారి చెవులు రెండూ గట్టిగా మూసుకోండి."

"ఏటి నాటకాలు?" అన్నాడు గాని మూసుకున్నాడు. బయటి చప్పుడైతే తగ్గాలి. కాకి అరుపు తగ్గింది, వీధిలో ఆటో చప్పుడు తగ్గింది. మోటారు మాత్రం తలంతా నిండిపోయేలా పెరిగింది.

ఆయన చేతులు మెల్లిగా కిందికి జారాయి.

"అది మీ చెవిలోది నాన్నా. లోపలి చెవిలో సన్నటి నూగులాంటిది ఉంటుంది. శబ్దాన్ని పట్టి మెదడుకి అందించేది అదే. ఏళ్ళ తరబడి ఇంజిన్ హోరుకి అది మాడిపోతే మళ్ళీ మొలవదు. అక్కణ్ణుంచి కబురు రాకపోయేసరికి మెదడే తనంతట తాను ఒక మోత పుట్టించుకుంటుందని మా అంచనా. క్వార్టర్లో ఉన్నప్పుడు యార్డు గోల కింద అది దాక్కుంది. ఇక్కడి నిశ్శబ్దంలో బయటపడింది."

"మందు?"

"పూర్తిగా పోగొట్టే మందు ఇంకా లేదు. దాని కోసమే మీ అందరి చెవులూ గిల్లుతున్నాను." ఆమె నవ్వబోయింది గాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తగ్గించుకునే దారులున్నాయి. చెవి మిషన్ కూడా పనిచెయ్యొచ్చు. పరీక్షకి కూర్చుంటే కదా!"

తిరుమలరావు పుదీనా గుంట గట్టు మీద కూలబడ్డాడు. అయితే కనకం చెవులు బాగానే ఉన్నాయన్నమాట. వీధిలో అందరి చెవులూ బాగానే ఉన్నాయి. పనికిమాలిన చెవి తనదొక్కటే. ఆ పనికిమాలిన చెవిని నమ్మి, ఒకడు సొంత ఇంటిని ముక్కలు ముక్కలుగా పీకేసుకున్నాడు. పందిరి దగ్గర అన్న మాట గుర్తొచ్చి ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. కుక్కన్నాడు. ఎవణ్ణి, సూర్యాన్ని!

"సూర్యం."

"గురువుగారూ."

"నిజం చెప్పు. ఇప్పుడేదైనా చప్పుడొస్తందా?"

సూర్యం స్పందన వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. జన్మలో అననిమాట అనాలి.

"చెప్పరా. నేనేటీ అనుకోను."

"లేదు గురువుగారూ. ఏటీ లేదు."

తిరుమలరావు భోరుమన్నాడు. వీధిలోవాళ్ళు గోడ మీంచి తొంగి చూస్తున్నా ఆయనకి పట్టలేదు. కండువాతో మొహం తుడుచుకుంటూ పైడమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు.

"తప్పయిపోనాదమ్మా. నోరు పారీసుకున్నాను. ఎళ్ళకండి."

పైడమ్మ వెంటనే మెత్తబడలేదు. "మోటారు మళ్ళీ బిగించుకుంటాం. అది గుయ్యిమంటాది. మళ్ళీ కుక్కా నక్కా అంటే నేనూరుకోను."

"అనను. బిగించండి." ఆయన సూర్యం చెయ్యి పట్టుకుని లేచాడు, ఆ చేతిని వదల్లేదు. "ఒరే, ఇకమీద మోత వచ్చినప్పుడల్లా నిన్నడుగుతాన్రా. నువ్వుందంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు. నువ్వు ఎళ్ళిపోతే నేనెవణ్ణి అడగాలి?"

సూర్యం ఆయన చేతుల మీద తల ఆనించాడు. పైడమ్మ బకెట్లు కింద దించి, కొంగుతో కళ్ళొత్తుకుని, గేటు దగ్గర బిక్కమొహం వేసుకుని నిలబడ్డ గుమాస్తా దగ్గరికెళ్ళి, ఇల్లు అమ్మడం లేదని చెప్పేసింది.